పాటలో హంతకుడైతే చరిత్రలోనూ హంతకుడేనా?

"బోరిస్ గొదునోవ్ ఒపేరా చూస్తే చాలు, రష్యా చరిత్ర తెలిసిపోతుంది. పసివాణ్ని చంపించాడు, గద్దె కాజేశాడు, చివరికి జనం తిరగబడి దించేశారు." ఈ మాట తెగ తిరుగుతోంది. రష్యా జార్ (చక్రవర్తి) బోరిస్ గొదునోవ్ మీద స్వరకర్త ముసోర్గ్‌స్కీ కట్టిన ఈ ఒపేరా, అంటే పాటల నాటకం, గొప్పదే, కాదనను. చరిత్ర మాత్రం ఇది కాదు.

ముందు హత్య సంగతి. జార్ నాలుగో ఇవాన్ చిన్న కొడుకు ద్మీత్రీ 1591లో ఉగ్లిచ్‌లో గొంతులో కత్తి దిగి చనిపోయాడు. ఎనిమిదేళ్లవాడు. కత్తితో ఆడుకుంటుంటే మూర్ఛ వచ్చి తనే పొడుచుకున్నాడని మాస్కో నుంచి విచారణకు వెళ్లిన వసీలీ షూయ్‌స్కీ అనే ప్రభువు బృందం తేల్చింది. అప్పుడు గద్దె మీద ద్మీత్రీ అన్న ఫ్యోదర్ ఉన్నా, పెత్తనం గొదునోవ్‌దే కదా అంటారా? నిజమే, అనుమానించాల్సిందే. అయితే 1605లో నేనే ద్మీత్రీనంటూ వచ్చినవాణ్ని అసలువాడేనని ఒప్పుకున్నదీ ఈ షూయ్‌స్కీయే. 1606లో తాను జార్ అయ్యాక మళ్లీ ప్లేటు ఫిరాయించి, పిల్లవాణ్ని బోరిస్సే చంపించాడన్నాడు. ఒక్క చావు, మూడు కథలు, ఒకటే నోరు! ఆ మూడో కథే చరిత్రకారుడు కరమ్‌జీన్ రాసిన చరిత్రలోనూ, కవి పుష్కిన్ నాటకంలోనూ నిలిచి, అక్కణ్నుంచి ఒపేరాకెక్కింది.

గద్దె కాజేశాడా? 1598లో జార్ ఫ్యోదర్ వారసుడు లేకుండా పోతే, జెమ్‌స్కీ సొబోర్ అనే మహాసభ బోరిస్‌ను ఎన్నుకుంది. తెర వెనక మంతనాలు జరగలేదని కాదు. ఒపేరా మొదటి రంగం పట్టుకున్నది అదే: నొవొదేవిచీ మఠం ముందు అధికారి కర్ర ఝళిపిస్తే జనం మోకరిల్లి ఏడుస్తారు, ఎందుకు అరుస్తున్నామని ఒకరడిగితే, నాకేం తెలుసంటాడు ఇంకొకడు. నాకైతే ఆ వెక్కిరింపులో 1598 కన్నా, 1861లో భూదాస్యం రద్దయిన తర్వాతి రష్యాయే ఎక్కువ వినిపిస్తుంది.

జనం దించారన్నది శుద్ధ తప్పు. బోరిస్ 1605 ఏప్రిల్‌లో జార్‌గానే చనిపోయాడు. క్రోమీ కోట దగ్గర జార్ సైన్యం, ద్మీత్రీనంటూ వచ్చినవాడి పక్షానికి దూకిందీ, మాస్కోలో జనం లేచిందీ ఆ తర్వాతే, కొడుకు ఏలుబడిలో.

అసలు ఏ ఒపేరా చూశారు? రష్యా ప్రభుత్వ నాటకశాలలైన ఇంపీరియల్ థియేటర్లు తిప్పికొట్టిన 1869 ప్రతి బోరిస్ చావుతో ముగుస్తుంది. 1872 ప్రతిలో తిరుగుబాటు రంగం చివర చేరింది, ఆఖరి పాట దేశం కోసం ఏడ్చే పిచ్చి సాధువుది. ఆ తర్వాత మరో స్వరకర్త రిమ్‌స్కీ-కొర్సకోవ్ రంగాలను తారుమారు చేసి మళ్లీ జార్ చావును చివరికి తెచ్చాడు. చూస్తే చాలనేవాళ్లు ఏ ప్రతి చూశారో ముందు చెప్పాలి.