38 కిలోల త్యాగం

మా కారుకు 11 ఏళ్లు నిండాయి. బడి సంచులనూ, బంధువుల పెట్టెలనూ, ఒకసారి విప్పదీసిన మంచాన్నీ ఒకే సహనంతో మోసిన బండి అది. రైలు తప్పిపోతుందన్న భయంతో నేను నడిపిన ఒకానొక పావుగంటను మినహాయిస్తే, అది తన జీవితంలో ఏనాడూ తొందరపడి ఎరగదు. అటువంటి దాన్ని రేసు ట్రాక్ మీదికి తీసుకువెళ్లాలన్న కోరిక నాకు నలభై దాటాక పుట్టింది.

ఎవరి బండిని వారు రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజును ట్రాక్ డే అంటారనీ, అది పందెం కాదనీ మా ఆవిడకు ఓపికగా వివరించాను. అక్కడ గెలిచేవారూ ఓడేవారూ ఉండరనీ, ముందున్న బండివాడు చెయ్యి చూపి దారి ఇస్తేనే, అదీ తిన్నని దారిలోనే, దాటి వెళ్లాలనీ చెప్పాను. అంతా విని, “పందెం కానప్పుడు అంత వేగంగా వెళ్లడం దేనికండీ?” అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఖర్చు అదుపులో ఉండాలన్నది ఇంట్లో కుదిరిన ఒప్పందం. కాబట్టి నేను ఒక జాబితా రాసుకున్నాను: వెడల్పాటి సైలెన్సర్, కొత్త ఎయిర్ ఫిల్టర్, వెనక ఒక రెక్క, పక్కన అంటించడానికి రెండు చారలు. ఈ విద్యలో ఆరితేరిన మిత్రుడొకడు ఆ కాగితం తీసుకుని, నాలుగింటినీ ఒకే గీతతో కొట్టివేసి, కింద బ్రేక్ ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, హెల్మెట్ అని రాశాడు. ఇవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే ఏం చేయాలని అడిగాను. “మిగిలితే ఇంకోసారి ట్రాక్‌కు వెళ్లు. బండి కంటే ముందు బాగుచేయవలసింది నిన్ను” అన్నాడు.

అతను చెప్పిన లెక్క సులువైనదే. వేగం రెట్టింపైతే బండిని ఆపడానికి బ్రేకులు మింగవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది, ఆ శక్తి దాదాపు అంతా వేడిగా మారుతుంది. రోడ్డు మీద ఒకసారి గట్టిగా బ్రేకు వేశాక డిస్కులు చల్లారడానికి వ్యవధి దొరుకుతుంది గాని, ట్రాక్ మీద అవి ఊపిరి తీసుకునేలోగా తర్వాతి మలుపు వచ్చి కూర్చుంటుంది. పైగా బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టిన ఆయిల్‌కు ఆ హద్దు 155 మాత్రమే. మరిగిందంటే లోపల ఆవిరి బుడగలు పుడతాయి, మన కాలి బలం బండిని ఆపడం మాని ఆ బుడగలను నలపడంతోనే సరిపోతుంది, పెడల్ నేలను తాకుతుంది. పెడల్ గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగకపోతే తప్పు ప్యాడ్లది. ఈ తేడాను మలుపుకు ముందే గ్రహించడం ఆరోగ్యానికి మంచిదని అతను సలహా ఇచ్చాడు. ఇంటికి వచ్చి ఆయిల్ డబ్బా మూత తీసి చూస్తే, లోపల ఎండాకాలపు చెరువు అడుగున మిగిలే నీళ్ల రంగు కనిపించింది.

బ్రేక్ ఆయిల్ మార్చడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ నొక్కాలి. మరొకరు చక్రం దగ్గర బోల్టు కొద్దిగా వదులు చేసి పాత ఆయిల్‌ను గొట్టం గుండా సీసాలోకి వదిలి, మళ్లీ బిగించాలి. బిగించాకనే లోపలివారు కాలు తీయాలి. ముందే తీస్తే ఆయిల్‌కు బదులు గాలి లోపలికి పోతుంది. ఇది వినడానికి ఎంత తేలికో, పెళ్లయి పదిహేనేళ్లయిన దంపతులు చేయడానికి అంత కష్టం. వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాము. నేను బోల్టు వదులు చేశాను. ఆయిల్ బుడబుడమంటూ సీసాలోకి దిగుతూండగా, “ఇప్పుడు వదలమంటారా?” అని లోపలి నుంచి ప్రశ్న వచ్చింది. “వద్దు” అని అరిచాను. ఆవిడకు అది “వదులు” అని వినిపించింది. గొట్టంలో అప్పటిదాకా కిందికి నడిచిన బుడగలు నా కళ్లెదుటే వెనక్కి తిరిగి, బారులు తీరి కారులోకి వెళ్లిపోయాయి.

మూడోసారి కూడా అదే జరిగాక, ఆ రోజుకు “వద్దు” అనే మాటను ఇంటి నుంచి బహిష్కరించి, నొక్కడానికి “ఒకటి” అనీ, వదలడానికి “రెండు” అనీ సంకేతాలు పెట్టుకున్నాము. నాలుగు చక్రాలూ పూర్తయ్యేసరికి సాయంత్రమైంది. పెడల్ రాయిలా గట్టిపడింది, మా సంభాషణ కూడా. ఒలికిన చుక్కల్ని వెంటనే నీళ్లతో కడగకపోతే ఆ ఆయిల్ పెయింటును తినేస్తుందని తెలిసినా, నేను కడిగింది మర్నాడు. ముందు తలుపు కింద దేశపటంలాంటి మచ్చ ఒకటి శాశ్వతంగా నిలిచిపోయింది.

ఇక బరువు తగ్గించడం. దీనికి పైసా ఖర్చు లేదు కనుక, నాకు అన్నిటికంటే ఇదే నచ్చింది. వెనక సీటు, స్టెప్నీ, జాకీ, పానాలు, చాపలు అన్నీ ఊడదీసి, ఒక్కొక్కటీ ఎంత బరువుందో నోటు పుస్తకంలో రాయాలని నిశ్చయించాను. ఇంట్లో మనుషుల బరువు చూసుకునే మిషన్ ఉంది. దాని మీద వెనక సీటును నిలబెడితే అంకెలు దాని కిందే దాక్కున్నాయి. అందువల్ల సీటును పెళ్లికూతురిలా రెండు చేతులా ఎత్తుకుని నేనే మిషన్ ఎక్కాను. నాకు అంకెలు కనిపించవు కాబట్టి మా అమ్మాయి నేల మీద బోర్లా పడుకుని చదివి పెట్టింది. “నాన్నా, ఊగకు. తొంభై తొమ్మిది... కాదు, నూట ఒకటి... నాన్నా, ఊపిరి పీల్చకు.” నా బరువు తీసివేయగా సీటు 19 కిలోలు తేలింది. మిగతావన్నీ కలిపి మరో 19. సుమారు వెయ్యి కిలోల బండిలో 38 కిలోలు తగ్గించానన్న గర్వంతో, స్టెప్నీ ఉండే గుంటలోని దుమ్మును కూడా తుడిచి, డిక్కీ అడుగు పలక మూసి, ఆ రాత్రి సుఖంగా నిద్రపోయాను.

తెల్లవారి ట్రాక్ చేరి, హెల్మెట్ తలకు తగిలించుకుంటూండగా ఇంటి నుంచి ఫోను. “బరువు చూసే మిషన్ ఏం చేశారండీ?” నాకు తెలియదని విసుక్కున్నాను. అవతల మా అమ్మాయి మీద విచారణ మొదలైనట్టు వినిపించింది. ఫోను పెట్టేసి టైర్లలో గాలి సరిచూసుకున్నాను. తిరిగేకొద్దీ వేడికి ఒత్తిడి పెరుగుతుంది కనుక మొదట కొంచెం తక్కువే ఉంచాలి. చక్రాల నట్లు, బిగువును కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాను. తనిఖీ చేసే మనిషి వచ్చి, డిక్కీ తెరిచి, ఖాళీగా మెరుస్తున్న పలకను చూసి తృప్తిగా తలూపాడు.

మొదటి రౌండు నెమ్మదిగా గడిచింది. రెండో రౌండులో కుడి మలుపు తీసుకోగానే వెనక ఎడమవైపు “ధన్” మని చప్పుడైంది. ఎడమ మలుపులో కుడివైపు “ధన్”. గట్టిగా బ్రేకు వేస్తే మొదట జర్రున జారినట్టు, తర్వాత ముందువైపు “ధన్”. కుడి మలుపులో భారం ఎడమ చక్రాల మీద పడుతుందని చదువుకున్నవాణ్ణి కాబట్టి, ఎడమ బేరింగు పోయిందని తేల్చుకున్నాను. మరుసటి మలుపుకు కుడి బేరింగు కూడా పోయింది. రెండు మలుపులు వెంటవెంటనే వచ్చేచోట షాక్ అబ్సార్బర్లు రెండూ ఒకేసారి ప్రాణం విడిచాయి. నేను మనసులో ఖర్చు కూడుకుంటూ, ప్రతి చప్పుడుకూ వేగం తగ్గించుకుంటూ పోతున్నాను. వెనక ఆరు బండ్లు బారులు తీరాయి. ప్రతి మలుపు దగ్గరా ఒక నీలి జెండా, వెనకవారికి దారి ఇమ్మని నన్ను వేడుకుంటూ ఊగింది.

ఐదో రౌండుకు, ట్రాక్ పక్కన బండ్లు ఆపుకునే పిట్‌లోకి వచ్చి, అలవాటుకొద్దీ హ్యాండ్ బ్రేక్ లాగాను. పక్కన నిలబడిన పెద్దాయన “వేడి బ్రేకుల మీద అది లాగకండి, గేరులో పెట్టి చక్రానికి చెక్క వేయండి” అని అరిచి, నా గోడు విని, తన జాకీ తెచ్చి వెనక చక్రాలు పైకి లేపాడు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాడు, పక్కల పట్టి ఊపాడు, తిప్పి చెవి ఒగ్గి విన్నాడు. బేరింగులు నిక్షేపంగా ఉన్నాయి.

“డిక్కీలో ఏముంది?”

“ఏమీ లేదండి. 38 కిలోలు తీసేశాను” అని నోటు పుస్తకం చూపించాను.

ఆయన పుస్తకం వంక చూడకుండా డిక్కీ అడుగు పలక ఎత్తాడు. స్టెప్నీ గుంటలో, మా బరువు చూసే మిషన్ మూలకు ఒదిగి పడుకుని ఉంది. చివరి తూకం అయ్యాక, దారికి అడ్డం లేకుండా ఉంటుందని, దాన్ని అక్కడ పెట్టింది నేనే. ఆయన దాన్ని చేతిలో తూచి చూసి, “రెండు కిలోలుంటుంది. మీ లెక్క 36కు దిద్దుకోండి” అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మిషన్‌ను యథాస్థానంలో పెట్టి, మా అమ్మాయికి క్షమాపణ చెప్పుకున్నాను. ఐదు రౌండ్లు గుంట గోడలకు కొట్టుకోవడం వల్ల దాని లోపల ఏదో కదిలినట్టుంది; అప్పటి నుంచి ఎవరు ఎక్కినా నాలుగు కిలోలు తక్కువ చూపిస్తోంది. మా ఆవిడ రోజుకు రెండుసార్లు దాని మీద ఎక్కి చిరునవ్వుతో దిగుతోంది. తప్పు నాది కదా, కొత్తది కొందామా అని అడిగాను.

“వద్దు” అన్నది. ఈసారి ఆ మాట నాకు చాలా స్పష్టంగా వినిపించింది.