పెళ్లిపందిట్లో పరమాధికారి

తెలుగువారు ఎవరి మాటా వినరన్న అపవాదు చాలాకాలంగా ఉంది. వరుసలో నిలబడమంటే వినరు, ఎర్రదీపం దగ్గర ఆగమంటే వినరు, భోంచేస్తున్నవారి కుర్చీ వెనక కాపు కాయవద్దంటే అసలే వినరు. ఈ అపవాదు వేసినవారు మన పెళ్లి వేదిక మీద ఫోటోగ్రాఫరు పరిపాలనను ఎన్నడూ గమనించి ఉండరు. పాతికేళ్లు నిండని కుర్రవాడొకడు రెండు భుజాలకూ రెండు కెమెరాలు తగిలించుకుని, "ఆంటీ, గడ్డం కొంచెం కిందికి, అంకుల్, పొట్ట కొంచెం లోపలికి" అంటే, రిటైరైన జిల్లా జడ్జిగారు సైతం అప్పీలుకు వెళ్లకుండా పొట్ట లోపలికి తీసుకుంటారు. మళ్లీ ఊపిరి వదలడానికి కూడా ఆ కుర్రవాడి ఉత్తర్వు కోసమే వేచి ఉంటారు.

ఇంతటి విధేయత రాత్రికి రాత్రి అలవడినది కాదు. 1839లో పారిస్‌లో డాగేర్ అనే ఆయన కనిపెట్టిన తొలినాటి ఫోటో పద్ధతి వెల్లడైన కొత్తల్లో, బొమ్మ పడాలంటే మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. అందుకే ఆనాటి స్టూడియోలలో తల వెనక ఇనుప ఆసరా ఒకటి బిగించేవారు. మన దగ్గర ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కనుసన్నకు సంస్థానమంతా కదిలేది గానీ, ఆయన మాత్రం తన ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ కెమెరా ముందు కదలకుండా నిలబడ్డారు. 1892లో అదే దీన్ దయాళ్ హైదరాబాదులో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, దాని బాధ్యతను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. అంటే, పరాయి కంటికి కనబడని ఇల్లాళ్లు సైతం ఫోటో కోసం పరాయి మనిషి చెప్పినట్టు కూర్చున్నారన్నమాట. ఇప్పుడు ఇనుప ఆసరా అవసరం లేదు, గొంతు చాలు.

ఆ గొంతు వెనక శాస్త్రం లేకపోలేదు. గడ్డాన్ని రవంత ముందుకు చాచి కిందికి దించితే దవడ గీత తేలి, రెండో గడ్డం మాయమవుతుంది. ఒంటిని కాస్త పక్కకు తిప్పి, బరువును వెనక కాలి మీద వేస్తే, డాక్టర్లు ఏళ్ల తరబడి చెప్పి సాధించలేని సన్నదనం అరక్షణంలో సిద్ధిస్తుంది. ఇంతటి ఉపకారానికి ప్రతిఫలంగా పౌరులు కొంత స్వేచ్ఛను వదులుకోవడం న్యాయమే.

ఇక ఫ్రేముల సంగతి. ముఖమొక్కటే అయితే క్లోజప్, ఛాతీ వరకు బస్ట్, నడుము వరకు మిడ్ షాట్, తొడల మధ్య వరకు అమెరికన్ షాట్, పాదాల వరకు ఫుల్ అని పాఠాలు చెబుతాయి. అమెరికన్ షాట్‌కు ఆ కొలత రావడానికి కౌబాయ్ నడుముకు వేలాడే పిస్తోలు ఫ్రేములో పడవలసి రావడమే కారణమంటారు. ఆయుధం చూపించడం వారి అవసరమైతే, ఆస్తి చూపించడం మన అవసరం. కనుక మన ప్రాంతంలో ఈ కొలతలన్నిటినీ నగల ప్రకారం సవరించవలసిందిగా మనవి చేస్తున్నాను. పాపిటబిళ్ల, బుట్టలు కనబడితే క్లోజప్; కాసులపేరు చివరి కాసు దాకా వస్తే బస్ట్; వడ్డాణం పూర్తిగా వస్తే మిడ్ షాట్. వడ్డాణం సగానికి తెగిన ఫోటోను వధువు తల్లి అంగీకరించిన దాఖలా లేదు. మట్టెలు పెట్టే దాకా ఫుల్ తీయించవలసిన పని కూడా లేదు.

మెడ, మోచేయి, మణికట్టు, మోకాలు వంటి కీళ్ల దగ్గర ఫ్రేము తెగకూడదన్నది ఈ విద్యలో పెద్ద నియమం, ఎందుకంటే అక్కడ తెగితే ఆ అవయవమే లేనట్టు కనబడుతుంది. మోకాలికి ఉన్న ఈ రక్షణ బంధువులకు లేదు. గ్రూపు ఫోటోలో చివరన నిలబడిన పెళ్లికొడుకు మేనత్తగారి భర్త, వేయిన్నూటపదహార్లు చదివించి కూడా, ఆల్బములో ఒక భుజంగా మాత్రమే మిగులుతారు. ఆయన కీలు దగ్గర తెగలేదు గనుక ఫిర్యాదుకు ఆస్కారం లేదు.

ఈ మధ్య క్యాండిడ్ అనే కొత్త శాసనం అమలులోకి వచ్చింది. దీని ప్రకారం వధువు కెమెరాను చూడకుండా, కెమెరా ఉన్నట్టు తెలియకుండా, ఎవరూ వేయని జోకుకు తల కొంచెం ఎడమకు వాల్చి నవ్వాలి. "సహజంగా ఉండండి మేడమ్" అని మూడుసార్లు గద్దించాక గానీ ఆ సహజత్వం రాదు. ఇన్ని నవ్వుల నుంచి విశ్రాంతి కావాలంటే పాస్‌పోర్టు ఫోటోకు వెళ్లడం ఒక్కటే దారి. అక్కడ నవ్వడం నిషిద్ధం.

ధర్మశాస్త్ర సమస్యలు కొన్ని మిగిలాయి. అడ్డుతెర తొలగి, జీలకర్ర బెల్లం నెత్తిన పెట్టుకున్న క్షణాన వధూవరులు ఒకరినొకరు చూసుకోవాలన్నది ఆచారం. ఇప్పుడు ఇద్దరూ లెన్సును చూస్తున్నారు గనుక వివాహం ఎవరితో జరిగినట్టో పండితులు తేల్చాలి. ఫ్లాష్ వెలగలేదన్న కారణంగా "సార్, మూడో ముడి మళ్లీ" అన్నప్పుడు పడే నాలుగో ముడి ప్రామాణ్యం మీద కూడా స్పష్టత కావాలి. అరుంధతీ దర్శనం విషయంలో మాత్రం చిక్కు లేదు; పట్టపగలు ఆ నక్షత్రం ఎటూ కనబడదు గనుక, ఫోటోగ్రాఫరు చూపించిన లైటు స్టాండునే దంపతులు భక్తితో దర్శించుకుంటున్నారు. పురోహితులలో లోకజ్ఞులు ఇదంతా ఎప్పుడో గ్రహించారు. ముహూర్తం దగ్గరపడగానే వారు గడియారం వైపు కాక ఆ కుర్రవాడి వైపు చూస్తారు; అతను బ్యాటరీ మారుస్తూ కనబడితే, చదివేసిన మంత్రాన్నే మళ్లీ మొదటినుంచి, ఈసారి మరింత రాగయుక్తంగా అందుకుంటారు.