శ్రీ గాలి సిలిండరు గారికి బహిరంగ విన్నపం

విజయనగరం,
ఆదివారం, ఆట ఓడిన సాయంత్రం.

మహారాజశ్రీ పెయింట్‌బాల్ మార్కర్ గాలి సిలిండరు గారికి,

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం చూసుకోవడానికే ఈ నెల జీతం సరిపోయింది.

పెయింట్‌బాల్ ఆటలో రంగు గుళ్లు కాల్చే తుపాకీ, అదే మార్కర్, కొనుక్కున్న మా మేనల్లుడు "ఇక గాలి ఒక్కటే కావాలి మామయ్యా" అన్నాడు. గాలే కదా అని తలూపాను. గోచీని కాపాడటానికి పిల్లిని, పిల్లికోసం ఆవును తెచ్చుకున్న సన్యాసి కథ చిన్నప్పుడే చదివాను. చదివి ఏమి లాభం?

మొదట మీ జ్ఞాతి కార్బన్ డయాక్సైడ్‌ను చూశాం. మనిషి చవకే, కానీ నిలకడ లేదు. ఎండకు పొంగుతాడు, చలికి ముడుచుకుంటాడు, వరసగా కాలిస్తే గడ్డకట్టినంత చల్లబడి ద్రవంగానే మార్కర్‌లోకి జారుతాడు. ఆయనను గోలీసోడా బండికి వదిలేసి మీ గుమ్మం తొక్కాం. మీలో అల్యూమినియం వారు చదరపు అంగుళానికి 3,000 పౌండ్ల ఒత్తిడి పడతారు. కార్బన్ ఫైబర్ వారు తేలిక, పైగా 4,500. మావాడు ఎవరిని ఎంచుకున్నాడో చెప్పాలా?

68 ఘనపు అంగుళాల మీ పొట్టలో అంత ఒత్తిడి దగ్గర దాదాపు 300 లీటర్ల గాలి పడుతుంది. ఊరికే కూర్చున్న మనిషి ముప్పావు గంటలో పీల్చి పారేసేది అంతే. మా ఊళ్లో కండలు పెంచిన కోడి రామ్మూర్తి నాయుడు గారు గాలి బిగబట్టి ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులు తెంచేవారు. ఆయన మెడలో రెగ్యులేటర్ లేదు. మీ మెడలో ఉంది. అది గాలిని 800కు దించేదా, 450కి దించేదా అన్నది మార్కర్ ఏది కోరితే దాన్ని బట్టి కొనాలి. ఆ పైన మీకు తొడుగు, మూతికి టోపీ, తెరిచి మూసే పిడి. ఆ పిడి మాత్రం కొనదగ్గదే, లేకపోతే మిమ్మల్ని విప్పిన ప్రతిసారీ గాలి కారకుండా ఆపే రబ్బరు చుట్టు, అదే ‘ఓ-రింగు’, తెగుతుంది. మిమ్మల్ని దూరం నుంచి మార్కర్‌కు కలిపే మెలికల గొట్టం దండగ. మీరు నడుముకు మారి మార్కర్ తేలికవుతుంది, నిజమే, కానీ మామిడితోటలో ప్రతి కొమ్మా ఆ గొట్టాన్ని పట్టుకుని పలకరిస్తుంది.

ఇక గాలి. సైకిలు షాపుకు తీసుకెళ్లాను.

"ఎన్ని పౌండ్లు కొట్టమంటారు మాస్టారూ?"

"4,500."

ఆయన నన్ను చూశాడు, మిమ్మల్ని చూశాడు, 200 దగ్గర అంకెలు ఆగిపోయిన తన గేజీని చూశాడు. తర్వాత జాలిపడి, మీ మూతి బిగుసుకుందేమోనని నూనె డబ్బా అందుకున్నాడు. నేను వేసిన కేకకు పక్క టీ కొట్టు లేచి నిలబడింది. అంత ఒత్తిడిగల గాలికి నూనె తగిలితే అంటుకునే ప్రమాదం ఉందని ఆయనకు చెబితే, "గాలికి ఇంత మడా!" అన్నాడు.

చివరకు విశాఖపట్నం వెళ్లి, సముద్రంలో మునిగేవారికి గాలి నింపే చోట మిమ్మల్ని నింపించాం. వారి పెద్ద సిలిండరులో ఉన్నదే 3,000. మీరు మూడింట రెండు వంతులే నిండి, బస్సులో నా ఒడిలో కూర్చుని వచ్చారు. అయిదేళ్లకోసారి మీకు నీటి పరీక్ష, పదిహేనేళ్లకు పదవీ విరమణ అని మీ ఒంటి మీది ముద్ర చదివి మావాడు వివరించాడు. నాకు బీపీ చూసి ఎన్నేళ్లయిందో వాడు అడగలేదు.

ఈ ఉదయం తోటలో అందరికంటే ముందు పేలింది మా ‘ఓ-రింగే’. చిటికెన వేలికి కూడా పట్టని రబ్బరు ముక్క. వంద ఉపకరణాలు కొన్నవాళ్లం, అది మాత్రం రెండోది కొనలేదు. మావాడు చెట్టు వెనుక బుస్సుమంటూ నిలబడితే ఎదుటి జట్టు తీరిగ్గా వచ్చి రంగు పూసి వెళ్లింది.

ఇట్లు,
తమ గాలి మోసే మామయ్య.

తా.క.: ఈ ఉత్తరం పకోడీలు తింటూ రాశాను. కంగారుపడకండి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే మిమ్మల్ని అటక ఎక్కించాను.