బట్టీ ఒక్కటే చాలదు

అమెరికాలో పిల్లలకి పెట్టే ఇంగ్లిష్ స్పెల్లింగ్ పోటీ ‘స్పెల్లింగ్ బీ’లో మనవాళ్ల పిల్లలు డిక్షనరీ మొత్తం బట్టీ పట్టి గెలుస్తారని ఓ వ్యాసంలో తేల్చేశారు. అది సగమే నిజం. 2023 ఫైనల్లో దేవ్ షాకి వచ్చిన మాట ‘సామోఫైల్’, అంటే ఇసుక నేలను ఇష్టపడే మొక్కో ప్రాణో. చెవికి ‘స’తోనే మొదలవుతుంది. రాతలో మాత్రం ముందు పలకని ‘పి’, ఆ తర్వాతే ‘ఎస్’, మధ్యలో రెండు ‘ఎమ్’లు! ఇసుకకు గ్రీకు మాట తెలిసినవాడికే ఆ ‘పి’ తడుతుంది. పిల్లలు అర్థం, మూలభాష అడిగేది అందుకే, కాలయాపనకి కాదు. అసలు ముంచేది నొక్కి పలకని అచ్చు: రాతలో ‘ఎ’ ఉన్నా, ‘ఇ’ ఉన్నా, ‘ఓ’ ఉన్నా చెవికి ఒకేలా ఉంటుంది. పలికినట్టే రాసుకునే మనకి ఆ బాధ లేదు లెండి.

అయితే మూలభాష అడిగే వీలు ఎప్పుడూ ఉండదు. 2019లో 20 రౌండ్లయినా తేలక ఎనిమిది మందినీ విజేతలన్నారు. దాంతో 2021లో 90 సెకన్ల స్పెల్-ఆఫ్ నిబంధన తెచ్చారు: ఆ గడువులో ఎక్కువ మాటలకి సరైన స్పెల్లింగ్ చెప్పినవారిదే గెలుపు. మొదట వాడింది 2022లో: హరిణి లోగన్ 26 మాటల్లో 21 సరిగ్గా చెప్పింది. 2024లో బృహత్ సోమా 30కి 29 చెప్పాడు. స్పెల్-ఆఫ్‌లో తలపడే ఇద్దరికీ ఒకే జాబితా కాబట్టి ఒకరి వంతులో రెండోవారిని వినపడనంత దూరంలో ఉంచుతారు. అక్కడ మూలం ఆరా తీసే తీరికెక్కడిది? తప్పు పోయినా ఆగకుండా తర్వాతి మాటకి దూకాల్సిందే.