ముందు తవ్వకం, తర్వాత అనుమతి

అనుమతి అంటే పనికి ముందు అడిగేది. ఇస్తే చేస్తాం, ఇవ్వకపోతే మానుకుంటాం. చిన్నపిల్లలకు కూడా తెలిసిన ఈ అర్థం మన పర్యావరణ చట్టాల్లో ఇంకా బతికే ఉందా అన్న అనుమానం 2025 నవంబర్ 18న మొదలైంది. పర్యావరణ అనుమతి లేకుండా గనులు తవ్వినవాళ్లు, ఫ్యాక్టరీలు నడిపినవాళ్లు, భవనాలు కట్టినవాళ్లు తర్వాత తీరిగ్గా జరిమానా కట్టి అనుమతి తెచ్చుకునే దారిని అదే ఏడాది మే 16న సుప్రీంకోర్టు మూసేసింది. ఆరు నెలలు తిరగ్గానే అదే కోర్టు 2:1 మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. కేసును మళ్లీ మొదటి నుంచి వినాలంది. మే నెల తీర్పు ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తుల్లో జస్టిస్ అభయ్ ఎస్. ఓకా రిటైరయ్యారు. రెండోవారైన జస్టిస్ ఉజ్జల్ భూయాన్ ఈసారి ఒంటరిగా, చాలా గట్టిగా విభేదించారు.

మెజారిటీ చెప్పిన కారణాలు లేకపోలేదు. పాత తీర్పు నిలిస్తే దాదాపు 20 వేల కోట్ల రూపాయల ప్రజాధనంతో కట్టినవి కూల్చాల్సి వస్తుందని, అందులో ఒడిశాలోని ఎయిమ్స్ ఆసుపత్రి, కర్ణాటకలోని విజయనగర విమానాశ్రయం కూడా ఉన్నాయని, ఇదే విషయంపై అంతకుముందు వచ్చిన తీర్పులను మే నెల బెంచ్ పట్టించుకోలేదని వారన్నారు. ఆసుపత్రి కూల్చాలని ఎవరూ కోరుకోరు. కానీ ఆ 20 వేల కోట్ల చిక్కు ఎవరు తెచ్చిపెట్టారు? అనుమతి లేకుండా పునాది తవ్వించింది ప్రభుత్వ శాఖలే కదా. కట్టేశాం కాబట్టి కూల్చలేం, కూల్చలేం కాబట్టి ఒప్పుకోండి అనే వాదనను దేశపు అత్యున్నత న్యాయస్థానం అంగీకరిస్తే, రేపటి కాంట్రాక్టర్‌కు అందే కబురు ఒక్కటే. ఎంత పెద్దది కడితే అంత భద్రం. సగం కట్టి దొరికిపోయినవాడు నష్టపోతాడు, పూర్తిగా కట్టేసినవాడు బయటపడతాడు. ఈ ఒరవడి మమ్మల్ని భయపెడుతోంది.

ముందస్తు అనుమతి కాగితం పని అనుకునేవాళ్ల కోసం ఒక మాట. ఒక క్వారీకో సిమెంట్ ఫ్యాక్టరీకో అనుమతి అడిగితే మొదట చేసేది అక్కడ ఇప్పుడేముందో రాసిపెట్టుకోవడం. ఊరి బావుల్లో నీళ్లు ఎంత లోతున ఉన్నాయి, గాలిలో దుమ్మెంత, వాగు ఎటు పారుతుంది, ఏ చెట్లున్నాయి, ఏ పిట్టలు తిరుగుతున్నాయి. ఆ లెక్క చేతిలో ఉంటేనే ఈ పని వల్ల ఏం పోతుందో నిపుణులు చెప్పగలరు. ఆ తర్వాత ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ. కలెక్టర్ ముందు నిలబడి మాకిది వద్దు అనే హక్కు రైతుకు ఆ ఒక్క రోజే దొరుకుతుంది. కొండను పిండి చేశాక ఏ లెక్క రాస్తారు? బావి ఎండిపోయాక నీటి మట్టం ఎక్కడుండేదని ఎవరిని అడుగుతారు? తాళి కట్టేశాక జాతకాలు చూస్తామన్నట్టుంది ఇది. అప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినా షామియానా ఖర్చు తప్ప మిగిలేది లేదు, ఎందుకంటే వద్దనడానికి అక్కడ ఏమీ మిగలదు.

'ఇదొక్కసారికే' అన్న మాట ఎన్నిసార్లు విన్నాం! దేశంలో ముందస్తు పర్యావరణ అనుమతిని తప్పనిసరి చేస్తూ నోటిఫికేషన్ వచ్చింది 1994లో. నాలుగేళ్లకే, 1998లో, తీసుకోనివాళ్లకు గడువు పొడిగిస్తూ సర్క్యులర్ వచ్చింది. 2000లో మరొకటి. 2002లో ఇంకొకటి, చివరి అవకాశం అంటూ. 2006లో కొత్త నోటిఫికేషన్ తెచ్చి 'ముందస్తు' అన్న మాటను మళ్లీ స్పష్టంగా రాశారు. 2017 మార్చిలో ఉల్లంఘించినవాళ్ల కోసం ఆరు నెలల కిటికీ తెరిచారు. అది ఒక్కసారికేనని కేంద్రం మద్రాసు హైకోర్టుకు మాట కూడా ఇచ్చింది. ఆ మాట విలువ నాలుగేళ్లు. 2021 జూలైలో ఆఫీస్ మెమోరాండం అనే ఒక శాఖాపరమైన ఉత్తర్వుతో గడువంటూ లేని పద్ధతి వచ్చింది. ఉల్లంఘించి అప్పటివరకు పెట్టిన ఖర్చులో ఒక శాతం, పని నడుస్తుంటే టర్నోవర్‌లో మరో పావు శాతం జరిమానా. తనంతట తాను వచ్చి ఒప్పుకుంటే అందులో సగమే. వంద రూపాయల పనికి రూపాయి. అనుమతి కోసం ఏడాదో రెండేళ్లో ఆగితే బ్యాంకు వడ్డీ ఎంతవుతుందో ఏ వ్యాపారిని అడిగినా చెబుతాడు. ఈ లెక్కలో చట్టాన్ని పాటించినవాడు నష్టపోతాడు.

అన్నట్టు, ఇంత పెద్ద నిర్ణయం తీసుకున్న ఆ మెమోరాండం పార్లమెంటు గడప తొక్కలేదు. కేంద్ర పర్యావరణ శాఖలో ఒక అధికారి సంతకంతో వెలువడింది.

ఈ ఆట తెలుగు పాఠకులకు కొత్త కాదు. అక్రమ కట్టడాలకు జరిమానా కట్టించుకుని సక్రమం చేసే పథకం ఉమ్మడి రాష్ట్రంలో 2007-08లోనే వచ్చింది. తెలంగాణలో 2015లో మళ్లీ వచ్చింది. 2020లో లేఅవుట్ల కోసం ఎల్ఆర్ఎస్ (క్రమబద్ధీకరణ పథకం) అన్నారు. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి మరీ కట్టమన్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే వరస. పథకం పోతే ఇంకో పథకం వస్తుందని ప్లాట్లు అమ్మేవాళ్లకు తెలుసు, కొనేవాళ్లకూ తెలుసు. చెరువు శిఖం భూముల్లో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో, కాలనీలు లేచింది ఆ నమ్మకం మీదే. వానొచ్చి కాలనీ మునిగినప్పుడు మాత్రం చెరువు గుర్తొస్తుంది. ఇప్పుడు ఆ నమ్మకాన్నే దేశంలోని అడవులకు, గనులకు, నదులకు పంచిపెడుతున్నారు.

ఈ తప్పులో మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆరితేరినవే. రాయలసీమ ఎత్తిపోతలకు పర్యావరణ అనుమతి లేకుండా ముందుకు వెళ్లొద్దని 2020 అక్టోబర్‌లో పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆంధ్రప్రదేశ్‌ను ఆదేశించింది. కొత్త ఆయకట్టు లేదు కాబట్టి అనుమతే అక్కర్లేదన్నది అప్పటి ప్రభుత్వ వాదన. ఆదేశాన్ని కాదని పనులు చేశారని 2021 డిసెంబర్‌లో అదే ట్రిబ్యునల్ తేల్చింది. ఆ ప్రాజెక్టుపై తెలంగాణ ఎంత గట్టిగా అభ్యంతరం చెప్పిందో అందరికీ గుర్తే. మరి పాలమూరు-రంగారెడ్డి? 2015లో శంకుస్థాపన చేసి, తాగునీటి పథకం కాబట్టి అనుమతి అక్కర్లేదని వాదిస్తూ తెలంగాణ ఏళ్ల తరబడి పనులు చేసింది. 2021 అక్టోబర్‌లో ట్రిబ్యునల్ ఆపమంది. అక్కడ ఫిర్యాదు చేసినవారి పక్కన ఆంధ్రప్రదేశ్ నిలబడింది! 2022 డిసెంబర్‌లో పాలమూరు, డిండి ఎత్తిపోతలకు కలిపి సుమారు 900 కోట్ల రూపాయల జరిమానా పడింది. దానిపై సుప్రీంకోర్టు తర్వాత స్టే ఇచ్చింది. కాళేశ్వరానిదీ ఇదే కథ. అనుమతి 2017 డిసెంబర్‌లో వచ్చింది, పనులు చాలావరకు అంతకుముందే అయ్యాయి, కాబట్టి పని అయ్యాక ఇచ్చిన ఆ అనుమతి చట్టానికి విరుద్ధమని 2020లో ట్రిబ్యునల్ చెప్పింది. ఆ పాటికి లిఫ్టులు నడుస్తున్నాయి. ఎవరేం చేయగలరు?

పాలమూరుకు నీళ్లొద్దని, సీమకు నీళ్లొద్దని మేం అనం. రెండూ కరువు చూసిన నేలలే. నది నుంచి ఎన్ని నీళ్లు తీయొచ్చు, తీస్తే దిగువన ఏమవుతుంది అని ముందు తేల్చుకుని ఉంటే ఈ ప్రాజెక్టులు కోర్టుల్లో ఇన్నేళ్లు నలిగేవి కావు. అనుమతి ఎగ్గొట్టడం వల్ల పని తొందరగా అవుతుందన్న మాట అబద్ధమని చెప్పడానికి పాలమూరు రైతు పదేళ్ల ఎదురుచూపు చాలు.

విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురం వైపు కూడా ఒకసారి చూడండి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరుగెత్తారు, రోడ్డు మీదే పడిపోయారు. 12 మంది చనిపోయారు. తాము చేస్తున్న ఉత్పత్తికి సరైన పర్యావరణ అనుమతి లేదని ఆ కంపెనీయే అంతకు ఏడాది ముందు అఫిడవిట్‌లో ఒప్పుకుంది. ఒప్పుకున్నాక కూడా ఫ్యాక్టరీ నడిచింది. తప్పు ఒప్పుకుంటే చాలు, మిగతాది తర్వాత చూసుకోవచ్చు అన్న పద్ధతి ఎక్కడికి తీసుకెళ్తుందో ఆ ఊరు చూసింది. ఈ కేసును మళ్లీ వినే బెంచ్ ముందు వెంకటాపురం ఫైలు తప్పకుండా ఉండాలి.

ఇంకో విషయం గౌరవంగానే అడగాలి. కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టినప్పుడు, వరుస సెలవులు చూసి బుల్డోజర్లు దించారని తెలంగాణ ప్రభుత్వాన్ని సుప్రీంకోర్టు నిలదీసింది. చెట్లను తిరిగి పెంచకపోతే అధికారులు జైలుకెళ్తారంది. రాష్ట్రమంతా సంతోషించింది, మేమూ సంతోషించాం. ఆ బెంచ్‌కు నాయకత్వం వహించిన అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్.గవాయే నవంబర్ తీర్పు మెజారిటీలోనూ ఉన్నారు. చెట్టు కొట్టేముందు అనుమతి అడగాల్సిందే అయితే, ఆ చెట్టున్న కొండను తవ్వేముందు అడగనక్కర్లేదా?

అయితే కోర్టు మీదే భారం వేయడం న్యాయం కాదు. 2017లో ఒక బెంచ్ ఇలాంటి అనుమతి చట్టానికే పరాయిదంది. 2020లో ఇంకో బెంచ్ అలాగే అంది. 2021, 2022ల్లో మరికొన్ని బెంచ్‌లు ఫర్వాలేదన్నాయి. ఈ ఊగిసలాటకు మూలం మనకు సరైన చట్టం లేకపోవడం. భోపాల్ విషవాయువు తర్వాత 1986లో తెచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టంలో ముందస్తు అనుమతి అన్న మాట నేరుగా లేదు. ఆ చట్టం కింద ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఉంది. నోటిఫికేషన్‌ను నోటిఫికేషన్‌తో మార్చేయొచ్చు. అదే జరుగుతోంది. పైగా ఆ చట్టానికున్న కోరలు కూడా పీకేశారు. ఉల్లంఘిస్తే అయిదేళ్ల వరకు జైలు అని ఉండేది. 2023లో జన్ విశ్వాస్ చట్టంతో దాన్ని 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానాగా మార్చారు. వందల కోట్ల గనికి 15 లక్షలు ఏ మూలకు?

కాబట్టి మా డిమాండ్ సూటిగా ఉంది. అనుమతి పనికి ముందే ఉండాలని, తర్వాత ఇచ్చే అధికారం ఏ మంత్రికీ, ఏ అధికారికీ లేదని పార్లమెంటు చట్టంలోనే రాయాలి. ప్రభుత్వ ప్రాజెక్టులకు మినహాయింపు ఉండకూడదు. ఆసుపత్రిలాంటివి ఇప్పటికే నిలబడి ఉంటే వాటి సంగతి పార్లమెంటే పేరు పేరునా బహిరంగంగా చర్చించి తేల్చాలి. అనుమతి లేకుండా పని మొదలుపెట్టించిన అధికారి సొంతంగా బాధ్యత వహించాలి. ప్రభుత్వం కట్టే జరిమానా చివరికి ప్రజల జేబులోంచే పోతుంది.

రెండు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. కేంద్ర ప్రభుత్వాన్ని నిలబెడుతున్న పార్టీల్లో తెలుగుదేశం ఒకటి. బొగ్గు, గనుల శాఖను చూస్తున్నది సికింద్రాబాద్ ఎంపీ జి.కిషన్ రెడ్డి. అడిగే బలం లేదని ఎవరూ చెప్పలేరు. కృష్ణా నీళ్ల మీద అవతలి రాష్ట్రాన్ని తిట్టాల్సి వచ్చినప్పుడల్లా వీరందరికీ పర్యావరణ అనుమతులు గుర్తొస్తాయి. ఇప్పుడు సొంత రాష్ట్రాన్ని కూడా కట్టేసే చట్టం అడగండి. అది మీకు చేతకాకపోతే, పక్క రాష్ట్రం ప్రాజెక్టుకు అనుమతి లేదంటూ ఢిల్లీకి ఫిర్యాదు పట్టుకెళ్లే ముఖం మీకు లేదు.