నైరుతి ద్వారం

మా ఇంటి నైరుతి మూల గేటును మూయించడానికి ఒకసారి, ఆ మూసిన చోట మిగిలిపోయిన మెట్లను కూలగొట్టించడానికి మరొకసారి డబ్బు తగలేసినవాణ్ణి కనుక, దిక్కుల విషయంలో నాకు ఇంకొకరు చెప్పవలసిన పని లేదన్న ధీమాతోనే రాజమహేంద్రవరంలో బయలుదేరాను. జపానులోని యోకోహామాలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు మాత్రం నా ధీమాను పెద్దగా పట్టించుకోకుండా, ఫోనులో చిన్నపిల్లవాడికి చెప్పినట్టు ప్రతిదీ రెండుసార్లు చెప్పాడు.

"మామయ్యా, హనేదా విమానాశ్రయంలో కేక్యూ రైలెక్కితే అరగంటలో యోకోహామాలో దిగుతారు. షిన్ యోకోహామా అని ఇంకొకటుంది, అది బుల్లెట్ రైలు కోసం 1964లో వేరే చోట కట్టిన స్టేషను, దాని జోలికి పోకండి. దిగాక పడమటి ద్వారానికి రండి, చాలు."

దిక్కులకు జపాను పేర్లు కూడా అతడే నేర్పాడు: కిత అంటే ఉత్తరం, మినామి అంటే దక్షిణం, హిగాషి తూర్పు, నిషి పడమర. తూర్పును సూచించే అక్షరం చెట్టు కొమ్మల్లో చిక్కుకున్న సూర్యుడిలా, పడమరను సూచించేది మూత పెట్టిన డబ్బాలో రెండు కాళ్లు ఇరుక్కున్నట్టు కనిపించడంతో, ఆ రెండింటినీ విమానంలోనే కంఠస్థం చేసేశాను.

రైలు దిగినంతవరకు అంతా సవ్యంగానే జరిగింది. అయితే ఒకే కప్పు కింద ఆరు రైల్వే సంస్థలు కాపురముంటున్నాయనీ, వాటిలో కొన్ని నేల మీద, ఒకటి మేడ మీద, ఇంకొకటి ఐదంతస్తుల లోతున పాతాళంలో ఉన్నాయనీ, రోజుకు దాదాపు 20 లక్షల మంది అక్కడ తిరుగుతారనీ మా వాడు ముందుగా చెప్పలేదు. చెబితే నేను రాననుకున్నాడేమో! పైగా ఏదో ఒక మూల ఎప్పుడూ మరమ్మతులు సాగుతూనే ఉండే ఆ స్టేషనును అక్కడివాళ్లు, స్పెయినులో నూరేళ్లకు పైగా కడుతూ వచ్చిన చర్చి పేరు పెట్టి, జపాను సగ్రాదా ఫమీలియా అని వేళాకోళం చేస్తారట. మా వీధిలో పదేళ్లుగా రెండో అంతస్తు లేస్తున్న ఇంటిని నేను రోజూ చూస్తూనే ఉన్నాను కనుక ఆ ఒక్క విషయంలో మాత్రం నాకు పరాయి ఊరనిపించలేదు.

జనప్రవాహం నన్ను తనకు తోచిన గేటులోంచి తోసి, పట్టాల కింద అడ్డంగా సాగే ఒక పొడవైన దారిలో వదిలింది. తల ఎత్తితే బోర్డు మీద డబ్బాలో కాళ్లు కనిపించాయి. పడమర! సంతోషంతో నాలుగడుగులు వేసిన తరువాత ఆ అక్షరానికి ముందు ఇంకేదో ఉన్నట్టు గమనించి కూడబలుక్కుంటే "మినామి నిషి" అని తేలింది. మినామి దక్షిణం, నిషి పడమర, రెండూ కలిస్తే నైరుతి. సొంత ఇంట్లో వేలు పోసి మూయించిన ద్వారం గుండా, పరాయి దేశంలో మొదటిసారి అడుగు పెడుతూ, చేతిలో ఆవకాయ జాడీతో ఎలా వెళ్లడం? మా వాడు చెప్పిన అసలైన పడమటి ద్వారం, దాని వాయవ్యపు తోబుట్టువు కూడా ఎక్కడో ఉన్నాయని నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా నైరుతికి విరుగుడు ఈశాన్యమని మాత్రమే.

వెనుదిరిగాను. మెట్లెక్కి, మెట్లు దిగి, మిఠాయి దుకాణాల మధ్య రెండుసార్లు అదే అమ్మాయికి ఎదురుపడి, చివరికి "కిత హిగాషి" అన్న బోర్డును పట్టుకున్నాను. ఈశాన్యపు గాలి మొహానికి తగలగానే ప్రాణం లేచి వచ్చి మా వాడికి ఫోను చేశాను.

"మామయ్యా, ఎక్కడున్నారు? అరగంట నుంచి చూస్తున్నాను."

"బయటికి వచ్చేశానురా."

"ఎదురుగా ఏం కనబడుతోంది?"

"నీళ్లు. ఇంకాస్త ముందుకు వెళితే పడవ కూడా ఉంది."

అవతల కొంతసేపు మాట వినపడలేదు. "పడవ ఎక్కకండి మామయ్యా," అన్నాడు చివరికి, బతిమాలుతున్నట్టుగా. "అది యమషిత పార్కుకు పోతుంది. అక్కడే నిలబడండి."

నిలబడ్డాను. చూసుకుంటే జాడీలోని నూనె నా జాగ్రత్తలన్నింటినీ దాటుకుని, చుట్టిన పాత దినపత్రికను తడిపి, సంచి అడుగున అరచేయంత ఎర్రటి మరకగా తేలింది. ఇంతలో ఒక యువతి వంగి నమస్కరించి నా చేతిలో ఒక కాగితపు రుమాళ్ల పొట్లం పెట్టింది. పరాయి మనిషి కష్టాన్ని ఇంత త్వరగా కనిపెట్టిన ఆ సంస్కారానికి కళ్లు చెమర్చి, నేను అంతకంటే కిందికి వంగి నమస్కరించాను. తరువాత చూస్తే ఆమె దారిన పోయే ప్రతివాడికీ అలాంటి పొట్లమే ఇస్తోంది, వెనకాల ఏదో దుకాణం ప్రకటన ఉంది. అయినా మరక తుడవడానికి పనికివచ్చింది.

ఇరవై నిమిషాలకు మా వాడు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. జరిగింది చెబితే నవ్వలేదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. మాట మార్చడానికి కాబోలు, స్టేషను కథ ఎత్తుకున్నాడు: 1872లో జపానులో మొదటి రైలు షింబాషి నుంచి వచ్చి ఆగిన యోకోహామా స్టేషను ఇప్పుడు సకురగిచో అన్న పేరుతో వేరే చోట ఉందట, 1915లో కట్టిన రెండోది 1923 నాటి భూకంపంలో పోయిందట, 1928లో ఇక్కడికి మారినది మూడోదట.

"మూడిళ్లు మారిందంటే ఏదో దోషం ఉండే ఉంటుందిరా," అన్నాను.

మా వాడు సమాధానం చెప్పకుండా జాడీని తన చేతిలోకి తీసుకుని, స్టేషనులో ఒక చివరి నుంచి రెండో చివరికి నన్ను నడిపించాడు. వాళ్లింటికి వెళ్లే సోతెత్సు రైలు పడమటి వైపు నుంచి బయలుదేరుతుందట; దారిలో ఏదో సరుకు కొనాలంటూ అతడు తిప్పిన మలుపు దగ్గర తల ఎత్తి చూస్తే, తిరిగి తిరిగి మళ్లీ అదే "మినామి నిషి". చుట్టూ జనం, వెనక్కి తిరిగే వీలు లేదు. గడప లాంటిదేమైనా ఉందేమోనని నేల వైపు చూశాను, లేదు. ఒక్క క్షణం ఆగి, పాదాలు సర్దుకుని, కుడికాలు ముందుకు వేశాను.

"ఏమిటి మామయ్యా, కాలు నొప్పా?" అన్నాడు మా వాడు.

"అవునురా," అన్నాను.