అయ్యో, అదొక్కటీ చూడలేదా?

బ్యాంకాక్ వెళ్లేది బ్యాంకాక్ చూడటానికే అనుకునే అమాయకులు మనలో ఇంకా కొందరున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మనం విదేశం వెళ్లేది, తిరిగొచ్చాక ఎవరో ఒకరు "అయ్యో, అంత దూరం వెళ్లి అదొక్కటీ చూడలేదా?" అని అడుగుతారు కాబట్టి. ఆ అడిగేది ఎవరో ముందే తెలియదు. తోడల్లుడు కావచ్చు, లిఫ్టులో కలిసే మూడో అంతస్తు అంకుల్ కావచ్చు, ఏదో పెళ్లి భోజనాల్లో మన పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని పెద్దాయన కావచ్చు. వాళ్లు ఏ పేరు చెప్పినా తడుముకోకుండా "చూశాం" అనగలగాలి. చిన్న ట్రిప్పుకి ప్లాన్ అంటే ఇదే, మిగతాదంతా హోటల్ బుకింగ్.

2023 నవంబరు నుంచి మనవాళ్లకి వీసా అక్కర్లేదని థాయ్‌లాండ్ ప్రకటించినప్పటి నుంచి ఇలా అడిగేవాళ్ల సంఖ్య బాగా పెరిగిపోయింది. దానికి తోడు బ్యాంకాక్ అనగానే ఆఫీసులో ఒక రకం నవ్వొకటి ఉంటుంది కదా, "ఫ్యామిలీతోనేనా గురూ?" అని కన్ను గీటుతూ నవ్వేది, దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అందుకని మొట్టమొదట పెట్టే ఫోటో దేవుడిదై ఉండాలి. దీనికి వాట్ ఫో గుడిలోని శయన బుద్ధుణ్ణి మించినవాడు లేడు. 46 మీటర్ల పొడవు, ఒళ్లంతా బంగారు రేకు, పాదాలే మూడు మీటర్ల ఎత్తు, అరికాళ్ల నిండా ముత్యపు చిప్పతో పొదిగిన 108 మంగళ చిహ్నాలు. ఆ పాదాల దగ్గర భార్యాపిల్లలతో చేతులు కట్టుకుని నిలబడి దిగిన ఫోటో స్టేటస్‌లో పెడితే ఎంతటి కొలీగైనా నోరు మూయాల్సిందే. చిహ్నాలు తిరిగి చూడటం మీ ఇష్టం. ఆ గుడి ఆవరణలోనే పేరున్న మసాజ్ బడి కూడా ఉంది, ఆ సంగతి మాత్రం స్టేటస్‌లో రాయకండి.

ఇక బ్యాంకాక్ ట్రిప్పులో మొదటి మెట్టు బ్యాంకాక్ నుంచి బయటపడటం. హైదరాబాద్ నుంచి విమానం మూడున్నర గంటలు, అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు, రాత్రి ఎక్కితే తెల్లవారే సరికి దిగిపోతాం, అంటే ఎవరికీ నిద్ర లేదు. ఈ నిద్రలేని గుంపుని ఎయిర్‌పోర్టు నుంచే మినీబస్సులో ఎక్కించి, దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్టాయాకి పంపేస్తారు మన ప్యాకేజీల వాళ్లు. నాలుగు రాత్రుల బ్యాంకాక్ టూర్లో రెండు రాత్రులు పట్టాయాకే పోతాయి. ఇది తప్పని కొందరంటారు. నా దృష్టిలో ఇది ముందుచూపు. ఊరు ఎంత పెద్దదైతే చూడాల్సినవి అంత ఎక్కువ, చూడాల్సినవి ఎంత ఎక్కువైతే వదిలేసినవి అంత ఎక్కువ. ఉండే రోజులే తగ్గించేస్తే "టైం లేదండీ" అనే సమాధానం దానంతటదే వస్తుంది.

మిగిలిన సగంలో ఒక పూట సిటీ టూర్ ఉంటుంది. అందులో బంగారు బుద్ధుడు, పాలరాతి గుడి, ఒక నగల షోరూం. బంగారు బుద్ధుడు వాట్ ట్రైమిట్ గుడిలో ఉంటాడు. అయిదున్నర టన్నుల బంగారం. ఏళ్ల తరబడి పైన పూత వేసి ఉండటంతో అది బంగారమని ఎవరికీ గుర్తులేదు, 1955లో విగ్రహాన్ని కొత్త చోటికి మారుస్తుంటే తాడు తెగి కింద పడి, పూత పెచ్చులూడి, లోపలి అసలు రంగు బయటపడింది. గైడ్ ఈ కథ చెబుతున్నప్పుడు మనవాళ్లలో కనీసం ఇద్దరు ఫోన్లో కాలిక్యులేటర్ తీస్తారు. 5,500 కిలోలు ఇంటూ ఇవాళ్టి గ్రాము రేటు. సున్నాలు స్క్రీన్ దాటిపోయాక, "అంత బంగారం ఇలా బయట పెట్టారేంటి, కెమెరాలు ఉన్నాయా?" అని గైడ్‌ని అడుగుతారు. ఆ గుడి పక్కనే యావరాత్, అంటే చైనాటౌన్, వీధి పొడవునా బంగారం కొట్లే. అక్కడి బంగారం 96.5 శాతం, మన 916 కంటే ఎక్కువే, తూకం కూడా వాళ్ల డబ్బు పేరైన బాత్‌ల్లోనే, ఒక బాత్ అంటే సుమారు 15 గ్రాములు. ఈ ముక్క మీ ఆవిడకి చెప్పాలా వద్దా అన్నది ఇండియాలోనే తేల్చుకుని బయల్దేరండి.

ఈ సిటీ టూర్ కూడా దండగ అనుకునేవాళ్ల కోసం ఇంకో ప్లాన్ ఉంది. థాయ్ పాత నాణేలు తీసుకోండి. ఒక బాత్ బిళ్ల మీద రాజభవనంలోని పచ్చ బుద్ధుడి గుడి, రెండు బాత్‌ల మీద బంగారు కొండ, అయిదు మీద పాలరాతి గుడి, పది మీద వాట్ అరుణ్ గుడి. మొత్తం 18 బాత్‌లు. ఎండ లేదు, మెట్లెక్కే పని లేదు, చెప్పులు విడవక్కర్లేదు. ఇప్పటి రాజుగారి కొత్త నాణేల మీద గుళ్లు తీసేసి ఆయన ముద్ర వేశారు కాబట్టి, చిల్లర తీసుకునేటప్పుడు పాతవే కావాలని గట్టిగా అడగాలి.

ఆ రాజభవనానికి, అంటే గ్రాండ్ ప్యాలెస్‌కి టికెట్ 500 బాత్‌లు, నిక్కర్లతో రానివ్వరు, మధ్యాహ్నం మూడున్నరకల్లా టికెట్లు ఆపేస్తారు. చాలా ప్యాకేజీల్లో ఇది ఉండదు, అయినా "లోపలికి వెళ్లారా?" అని అడిగేవాడు మాత్రం తప్పకుండా తగులుతాడు. వెళ్లక తప్పకపోతే ఒక జాగ్రత్త. పచ్చ బుద్ధుడి గుడి చుట్టూ వసారా గోడల మీద రామాయణం మొత్తం 178 చిత్రాల్లో వేసి ఉంటుంది. 1782లో ఈ రాజధాని కట్టిన దగ్గర్నుంచి అక్కడి రాజులందరికీ రాముడి పేరే, ఇప్పుడున్నాయన పదో రాముడు. ఇంతవరకు బాగానే ఉంటుంది, మన పెద్దమ్మలు చేతులు జోడిస్తారు. అసలు ఇబ్బంది హనుమంతుడి దగ్గర వస్తుంది. వాళ్ల రామాయణమైన రామకియెన్‌లో ఆయన బ్రహ్మచారి కాదు. వారధి కడుతుంటే రాళ్లు ఎత్తుకుపోతున్న మత్స్యకన్యని పట్టుకోబోయి ప్రేమలో పడతాడు, ఆ అమ్మాయి సాక్షాత్తు రావణాసురుడి కూతురు, వాళ్లకొక కొడుకు కూడా. నలభై ఏళ్లుగా మంగళవారం ఉపవాసం ఉంటున్న పెద్దమ్మకి ఎండలో నిలబెట్టి ఈ కథ చెప్పిన గైడ్‌కి ఆ తర్వాత ఏమైనా ప్లాన్ చేయనివాళ్లదే బాధ్యత. కాబట్టి ఆ వసారాకి అయిదు నిమిషాలు మించి ఇవ్వకండి. ద్వారం దగ్గర కోరలతో నిలబడ్డ పచ్చ రంగు విగ్రహం పక్కన అందరూ ఎలాగూ సెల్ఫీ దిగుతారు, అది రావణుడని ఎవరూ చెప్పకపోతే చాలు.

ఆ ప్యాలెస్ బయట ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఎదురొచ్చి, ఇవాళ పూజ ఉంది, ప్యాలెస్ మూసేశారు, ఈ టుక్‌టుక్ ఆటో ఎక్కితే ఇరవై బాత్‌లకే నాలుగు గుళ్లు చూపిస్తాడు అంటాడు. ప్యాలెస్ తెరిచే ఉంటుంది. టుక్‌టుక్ చివరికి రత్నాల కొట్టు ముందు ఆగుతుంది. ఇంటర్నెట్ నిండా ఈయన మోసగాడని రాసి ఉంటుంది కానీ, నాకైతే గౌరవమే. గంటలో నాలుగు గుళ్లు, ఒక నగల షాపు! మన ప్యాకేజీ ఏజెంటు ఇదే పని పూటంతా చేసి వేలల్లో తీసుకున్నాడు.

ప్రతి కుటుంబంలోనూ ఈ ప్లానుకి అడ్డుపడే మేనల్లుడొకడు ఉంటాడు. సాఫ్ట్‌వేర్, జుట్టు పిలక. "ఒకే ఏరియాలో ఉందాం మావయ్యా, పొద్దున్నే లుంపినీ పార్కులో నడుద్దాం, అక్కడ చెరువు గట్టు మీద మనిషంత ఉడుములు తిరుగుతాయి, తర్వాత స్కైట్రైన్‌లో సఫాన్ తాక్సిన్ దాకా వెళ్లి అక్కడి రేవులో నారింజ జెండా పడవెక్కి నదిలో పైదాకా పోదాం, ఎక్కడ బాగుంటే అక్కడ దిగుదాం" అంటాడు. విన్నారా? బాగుంటే దిగుదామట! ఉడుములు చూడటానికి పాస్‌పోర్టు ఎందుకు, నల్లమల చాలదూ? పడవ టికెట్ ఇరవై బాత్‌లు కూడా ఉండదు, అంత చవకైనది చూసొచ్చామని ఎవరికి చెప్పుకుంటాం? వాణ్ణి గ్రూపులోంచి తీసేయమని నేను అనను, అడ్మిన్ మాత్రం చేయకండి.

తిండి విషయంలో కూడా వాడి మాట వినొద్దు. పొద్దున హోటల్ బఫే, మధ్యాహ్నం ప్రతూనమ్‌లో ఇండియన్ భోజనం, రాత్రి అక్కడే ఇంకో ఇండియన్ భోజనం, మధ్యలో సూట్‌కేసులోని ఆవకాయ, ఇది తరతరాల అనుభవం. శాకాహారులకైతే ఇంకో సాకు అక్కర్లేదు, అక్కడ కూరాకు వేపుడులో కూడా చేపల సాస్ పడుతుంది. ఎర్ర అక్షరం రాసిన చిన్న పసుపు జెండా వేలాడే బండి దగ్గర అదేమీ ఉండదు, వాళ్లు ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు, కానీ ఇంత మంచి సంగతి బయటికి చెబితే మన పనీర్ బటర్ మసాలా ఏం కావాలి? వీధి చివర ఒకావిడ మట్టి రోట్లో వెల్లుల్లి, మిరపకాయలు, వేరుశనగపప్పు వేసి కర్ర రోకలితో టకటకా దంచి, సన్నగా తరిగిన పచ్చి బొప్పాయి వేసి, నిమ్మకాయ పిండి, గరిటెతో కిందామీదా తిప్పుతూ మళ్లీ దంచుతుంది. అదే సోమ్ తమ్. ఆ చప్పుడు, ఆ ఘాటు అచ్చం మన రోటి పచ్చడే. ఎండు రొయ్యలు వద్దని చేత్తో సైగ చేస్తే మానేస్తుంది కూడా. అయినా ఆగకండి. "సోమ్ తమ్ తిన్నారా?" అని మనల్ని ఇంతవరకు ఏ తోడల్లుడూ అడగలేదు.

రాచప్రసోంగ్ కూడలిలో, పెద్ద హోటల్ మూల మీద, 1956లో పెట్టిన ఎరవాన్ మందిరం ఉంది. లోపల నాలుగు ముఖాల బ్రహ్మ. బంతిపూల దండలు, అగరొత్తుల వాసన, మొక్కు తీరినవాళ్లు డబ్బులిచ్చి ఆడించే నాట్యగత్తెలు. గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లే దారిలో చేబ్రోలు చతుర్ముఖ బ్రహ్మ గుడి దగ్గర బండి ఎన్నడూ స్లో చేయని మనిషి ఇక్కడ కళ్లు మూసుకుని రెండు నిమిషాలు నిలబడతాడు. దీన్ని మాత్రం ప్లాన్‌లో పెట్టక్కర్లేదు, ఆ కూడలి ట్రాఫిక్‌లో బస్సు ఎలాగూ ఆగిపోతుంది.

వెళ్లేముందు ఒక కాగితం పని. 2025 మే నుంచి థాయ్‌లాండ్ చేరడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్లో అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం. ఉచితమని తెలిశాక మనవాళ్లకి నమ్మకం పోతుంది కాబట్టి, డబ్బు తీసుకుని నింపిపెట్టే వెబ్‌సైట్లు కూడా వచ్చాయి.

తిరుగు ప్రయాణంలో, సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు తనిఖీ దాటాక, క్షీరసాగర మథనం శిల్పం భారీగా ఉంటుంది. దానికి టికెట్ లేదు, బస్సు దిగే పని లేదు, ఏసీ. చెక్-ఇన్ దగ్గర సూట్‌కేసులు విప్పి వాళ్ల వాటిలోంచి వీళ్ల వాటిలోకి సామాను సర్దడానికి గంట పోయినా దీనికి ఏడు నిమిషాలు మిగిలేలా నేను ప్లాన్ వేశాను. ఫోటోకి వాసుకి తోక వైపు నిలబడండి. దేవతలుండేది అటే. కథ ఇదేనా అని ఎవరైనా విదేశీయుడు అడిగితే గేటుకి టైమైందని చెప్పేయండి.